మోడెము లేని చోట మోడెము

‘మోడెము’ అనే మాటకు తెలుగు చేయాలని ఒకప్పుడు నేనూ, మా బడిలోని లెక్కల మాస్టారూ చాలా రోజులు తర్జనభర్జన పడ్డాము. ఇంగ్లీషులో అది పుట్టుమాట కాదు. మాడ్యులేటరు, డీమాడ్యులేటరు అనే రెండు మాటల తలలు కోసి ఒకదానికొకటి అతికించినది. సమాసమందామంటే మన సమాస లక్షణాలేవీ దానికి పట్టవు. కంప్యూటరు ఇచ్చిన అంకెలను ధ్వనిగా మార్చి ఫోను తీగ మీద పంపడం, అవతల నుంచి వచ్చిన ధ్వనిని మళ్ళీ అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందించడం దాని పని. ‘ధ్వనికారి’ అని నేను, ‘అంకెల కొమ్ము’ అని ఆయన ప్రతిపాదించుకున్నాము. రెండూ ఎవరి నోటికీ పట్టలేదు. చివరికి మోడెమునే ఉంచేశాము. అదృష్టవశాత్తూ అది ముకారంతోనే దొరికింది కనుక డుమువుల కోసం వెతుక్కోవలసిన పని తప్పింది.

మీలో చాలామందికి దాని చప్పుడు గుర్తుండే ఉంటుంది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు మన దేశంలో సామాన్యులకు అంతర్జాలాన్ని తెరిచిపెట్టాక, మరి నాలుగైదేళ్ళకు మా తెనాలి ఇంట్లోకి కూడా ఒక మోడెము వచ్చింది. పెద్దవాడు ఫోను తీగ ఊడదీసి దానికి తగిలించేవాడు. అది కాసేపు కీచుమని, కాసేపు గరగరమని, ఆ తరువాత మౌనం వహించేది. ఆ మౌనమే శుభసూచకం. ఆ గంటసేపూ మా ఇంటికి ఎవరు ఫోను చేసినా ఎంగేజే.

ఇప్పుడా మోడెములు అటక మీద కూడా లేవు. కానీ వాటితో మాట్లాడడానికే పుట్టిన ప్రోగ్రాములు కొన్ని ఇంకా బతికి ఉన్నాయి. తాము మోడెముతోనే మాట్లాడుతున్నామని, అవతల ఫోను తీగే ఉందని వాటి నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టకుండా, వాటి మాటను అంతర్జాలం మీదికి చేరవేసే చిన్న సాఫ్టువేరు ఒకటుంది. దాని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కంప్యూటరు శాస్త్రం చదివినవాణ్ణి కాను. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, ముప్పై అయిదేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణి. అయినా ఈ విషయం నాకు వ్యాకరణం గుండానే అర్థమైంది. అందుకే ఈ సాహసం.

1981లో అమెరికాలో హేస్ అనే సంస్థ స్మార్ట్‌మోడెము అనే పరికరాన్ని తయారుచేసింది. వేగం సెకనుకు 300 బిట్లు. అంతకన్నా ముఖ్యమైనది, కంప్యూటరు దానికి ఆజ్ఞలిచ్చే భాష. ప్రతి ఆజ్ఞా ‘ఏటీ’తో మొదలవుతుంది. ‘అవధరించు’ అని దాని అర్థం. ‘ఏటీడీటీ’ అని ఒక నంబరు ఇస్తే ఆ నంబరుకు ఫోను చేస్తుంది. ‘ఏటీఏ’ అంటే మోగుతున్న ఫోను ఎత్తుతుంది. ‘ఏటీహెచ్’ అంటే పెట్టేస్తుంది. అది తిరిగి పలికే మాటలు కూడా అతి తక్కువ: ఓకే, రింగ్, కనెక్ట్, నో క్యారియర్ వంటివి. ఇతర తయారీదారులు చాలామంది ఈ భాషనే అనుసరించారు. హేస్ సంస్థ 1999లో మూతపడింది. దాని భాష మాత్రం పోలేదు. సెల్‌ఫోన్ల లోపల ఉండే మోడెములకు కూడా ఏటీతో మొదలయ్యే ఆజ్ఞలే ప్రమాణంగా నిలిచాయి.

కిటుకు ఇక్కడే ఉంది. పాత ప్రోగ్రాము ఫోనునూ చూడలేదు, తీగనూ చూడలేదు. దానికి తెలిసిందల్లా కంప్యూటరు వెనుక ఉన్న ఒక సీరియల్ పోర్టు, అక్కడ నిలబడి ఈ నాలుగు మాటలు పలికే ఒక శాల్తీ. ఆ చోట నిలబడి, ఆ మాటలే పలికి, ఆ మాటలకు తగినట్టు నడుచుకునేది ఏదైనా సరే, ప్రోగ్రాము దృష్టిలో అది మోడెమే.

మన సాఫ్టువేరు చేసేది ఆ వేషమే. ప్రోగ్రాము ‘ఏటీడీటీ’ అని పిలవగానే ఇది ఫోను చేయదు. అంతర్జాలంలో ఆ పేరుగల చోటికి దారి తెరిచి, అవతలివారు పలికాక తీరిగ్గా ‘కనెక్ట్’ అంటుంది. బయటినుంచి ఎవరైనా వస్తే, మోగే ఫోను లేకపోయినా ‘రింగ్’ అంటుంది. ప్రోగ్రాము ‘ఏటీఏ’ అని ఫోను ఎత్తమంటుంది. ఎత్తడానికి ఏమీ లేదు. ఇది తలుపు తీసి, ‘కనెక్ట్’ అని లోపలికి కబురు పెడుతుంది. కొన్ని పాత ప్రోగ్రాములు అంకెలను తప్ప అక్షరాలను నంబరుగా ఒప్పుకోవు. వాటి కోసం ఇది తన దగ్గర ఒక టెలిఫోన్ డైరెక్టరీ పెట్టుకుంటుంది. ఫలానా ఏడంకెలు వస్తే ఫలానా అంతర్జాల చిరునామా అని. ప్రోగ్రాము తన ఏడంకెలు తాను తిప్పుకుంటుంది.

ఇటువంటివి చాలా ఉన్నాయి. 1990లలోనే ఓఎస్/2 వాడేవారి కోసం రే గ్విన్ రాసిన సాఫ్టువేరులో ఇలాంటి బూటకపు మోడెము ఉండేది. జిమ్ బ్రెయిన్ రాసిన టీసీపీసర్ ఈనాటికీ వాడుకలో ఉంది. పాత డాస్ ఆటలు ఆడుకునేవారికి పరిచయమైన డాస్‌బాక్స్‌లోనూ ఒక మోడెము వేషం ఉంది. సాఫ్టువేరుగానే కాక బొటనవేలంత పలక రూపంలో కూడా ఇది దొరుకుతుంది. దాని మీద ఈఎస్పీ8266 అనే వైఫై చిప్పు ఉంటుంది. ఆ చిప్పు వేగం 80 మెగాహెర్ట్జ్. అది సేవచేసే 1982 నాటి కమడోర్ 64 కంప్యూటరు వేగం సుమారు 1 మెగాహెర్ట్జ్. సేవకుడు యజమాని కంటే ఎనభై రెట్లు చురుకు. అయినా యజమాని తీరికగా ఒక్కొక్క అక్షరమే పంపుతుంటే చేతులు కట్టుకుని నిలబడి అందుకుంటాడు. మొదటిసారి ఆ సంగతి విన్నప్పుడు నాకు ఎందుకో ముచ్చటేసింది.

వ్యాకరణం చదివినవారికి దీని పేరు ఈపాటికే తట్టి ఉంటుంది. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుందనీ, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని తొలగించి ఆ చోట కూర్చుంటుందనీ మా గురువులు చెప్పేవారు. అలా తొలగిపోయినదాన్ని ‘స్థాని’ అంటారు. స్థానికి జరిగే కార్యాలన్నీ ఆదేశానికీ జరగాలంటే, ఆదేశాన్ని స్థానిలాగే చూడాలని పాణిని ఒక నియమం పెట్టాడు. దానినే స్థానివద్భావం అంటారు. మోడెము స్థాని. ఈ సాఫ్టువేరు ఆదేశం. మిగిలిన శాస్త్రమంతా ఏమీ మార్చనక్కరలేదు.

అయితే పాణిని అక్కడే ఒక మినహాయింపు కూడా చెప్పాడు. స్థాని యొక్క వర్ణాన్నే ఆశ్రయించుకుని ఉన్న విధులలో మాత్రం ఈ భావం చెల్లదు. ఎంత అచ్చం స్థానిలా నడుచుకున్నా, ఆదేశానికి స్థాని ధ్వని ఉండదు కదా! మోడెము విషయంలో ఈ మినహాయింపు ఎక్కడ ఎదురవుతుందో తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఆ కథ చెప్పాలంటే షికాగో పొలిమేరల దాకా వెళ్ళాలి.

షికాగో ఈ కథకు పుట్టినిల్లే. 1978 జనవరిలో ఆ నగరాన్ని ఒక పెద్ద మంచు తుపాను ముంచెత్తింది. ఇళ్ళలో చిక్కుబడిపోయిన వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ సూస్ అనే ఇద్దరు కంప్యూటరు ప్రియులు ఒక ఆలోచన చేశారు. తమ క్లబ్బు గోడ మీద సభ్యులు కాగితాలు గుచ్చుకునే పలక ఉన్నట్టే, ఫోను ద్వారా చదువుకుని రాసుకునే పలక ఒకటి ఉంటే ఎలా ఉంటుందని. ఆ ఏడాది ఫిబ్రవరి 16న అది పనిచేయడం మొదలుపెట్టింది. సీబీబీఎస్ అని దాని పేరు. బులెటిన్ బోర్డు సిస్టమ్‌లన్నింటికీ అదే మొదటిది. ఒక కంప్యూటరు, ఒక మోడెము, ఒక ఫోను తీగ. ఒకసారికి ఒక్కరే. చదువుకుని, రాసి, ఫోను పెట్టేస్తే తరువాతివారి వంతు. కొద్ది సంవత్సరాల్లోనే ఇటువంటి బోర్డులు ఊరూరా వెలిశాయి.

ఊరూరా అని ఊరికే అనలేదు. స్థానిక ఫోనుకు ఖర్చు తక్కువ, దూరపు ఫోనుకు ఎక్కువ. అందువల్ల ఒక బోర్డులో రాసేవారంతా దాదాపు ఆ ఊరివారే. దూరానికి ఉత్తరాలు పంపుకోవడానికి 1984లో టామ్ జెనింగ్స్ ఫిడోనెట్‌ను మొదలుపెట్టాడు. అందులో బోర్డులు చార్జీ తక్కువగా ఉండే రాత్రివేళ ఒకదానికొకటి ఫోను చేసుకుని, పగలంతా పోగైన ఉత్తరాలను చేతులు మార్చుకునేవి. రాత్రి పొద్దుపోయాక చార్జీ తగ్గుతుందని ఎస్టీడీ బూతుల ముందు వరుస కట్టిన మన తరానికి ఇది వేరే వివరించనక్కరలేదు.

2018 వేసవిలో మా అబ్బాయి ఇంట్లో ఆరు నెలలు ఉన్నాము. షికాగోకు పడమరగా ఉన్న ఒక పేటలో వాడి ఇల్లు. పక్కింట్లో డెబ్బయ్యేళ్ళు దాటిన ఒక విశ్రాంత ఉద్యోగి ఒంటరిగా ఉండేవారు. భార్య పోయి అప్పటికి ఆరేళ్ళు. పెరటి కంచె దగ్గర పలకరింపులతో మొదలైంది మా పరిచయం. నాకు ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాయగలను కూడా. అమెరికావారు మాట్లాడితే మాత్రం పదిలో నాలుగు మాటలు చెవిని దాటి లోపలికి రావు. కనుక తొమ్మిదేళ్ళ మనవడే మాకు దుబాసీ. ఆయన కళ్ళు చెమర్చేలా అయిదు నిమిషాలు ఏదో చెప్పేవారు. మావాడు అంతా విని, “వాళ్ళావిడ మంచిదట తాతయ్యా,” అనేవాడు. అవధాని పద్యం చెబుతుంటే పక్కవాడు ‘బాగుందిట’ అని చెప్పినట్టు ఉండేది నాకు.

ఒకరోజు ఆయన మమ్మల్ని ఇంటి కింది గదికి తీసుకువెళ్ళారు. అక్కడ ఒక కమడోర్ 64 పనిచేస్తూ ఉంది. 1985 నుంచి ఆయన దాని మీద ఒక బోర్డు నడుపుతున్నారు. ఇంటి ఫోను తీగను తీయించేసిన తరువాత కొంతకాలం మూతపడింది. ఆ పైన వైఫై పలక ఒకటి కొని వెనుక తగిలించారు. అప్పటినుంచి మళ్ళీ నడుస్తోంది. మేము చూస్తుండగానే తెర మీద ‘రింగ్’ అని పడింది. గదిలో ఫోనన్నదే లేదు. ఎవరో జర్మనీ నుంచి వచ్చారని ఆయన చెప్పారు. మనవడు ఈసారి పూర్తిగానే అనువదించాడు, వాడికీ ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

మా అబ్బాయిది సాఫ్టువేరు ఉద్యోగమే. ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు తేలికగా కొట్టిపారేశాడు. “ఆ బోర్డు మొత్తం కొత్తగా రాయడం నాకు వారం పని నాన్నా. బ్రౌజరులో తెరుచుకుంటుంది. రంగులుంటాయి. ఈ తిప్పలన్నీ ఎందుకు?”

నాకూ ఆ ప్రశ్న సమంజసంగానే తోచింది. మర్నాడు కంచె దగ్గర అడిగాను. ఆయన చెప్పిన జవాబును నేను కాగితం మీద రాయించుకున్నాను, దుబాసీ మీద భారం వేయకుండా. ఆ ప్రోగ్రాము రాసినతను ఎక్కడున్నాడో తెలియదు. మూలరూపం ఎవరి దగ్గరా లేదు. ఉన్నదల్లా యంత్రం చదువుకునే సంకేతాలు మాత్రమే. ఆయన భార్య 1980లలో ఆ బోర్డులో వంటల గురించి, తోట గురించి, పొరుగువారితో వాదోపవాదాల గురించి రాసిన జాబులన్నీ ఆ ప్రోగ్రాము తనకు తోచిన పద్ధతిలో దాచుకుని ఉంది. “నకలు తీసి కాగితం మీద అచ్చువేసుకోవచ్చు. వేసుకున్నాను. కానీ ఆమె వాటిని కాగితం మీద రాయలేదు. ఈ తెర మీద, నలభై అక్షరాల వరుసలో, ఇంకొకరికి జవాబుగా రాసింది. ఇవాళ కూడా ఎవరైనా వచ్చి దానికి జవాబు రాయగలిగితేనే అది ఉత్తరం,” అని రాసి ఇచ్చారు.

ఆ కాగితం చదివాక నాకు మల్లినాథసూరి గుర్తుకువచ్చాడు. కాళిదాసు కావ్యాలు తరువాతి తరాలకు కొరుకుడు పడనప్పుడు మన కొలచెలమవారి పండితుడు ఆ కావ్యాలను తేలిక సంస్కృతంలో తిరగరాయలేదు. మూలంలోని శ్లోకాన్ని అలాగే ఉంచి, పక్కన నిలబడి, అన్వయం చెప్పి, అర్థం చెప్పి, చదివేవాణ్ణి శ్లోకం దగ్గరికి నడిపించాడు. కవి లేడు, ఆయనను అడిగి మార్చడానికి వీల్లేదు. అటువంటప్పుడు మారవలసిన బాధ్యత మధ్యవర్తిది. ఈ సాఫ్టువేరు కూడా పాత ప్రోగ్రాములో ఒక్క అక్షరం ముట్టుకోదు. కష్టమంతా తాను పడుతుంది. మా అబ్బాయికి ఇదే చెప్పాను. వాడు నవ్వి, “మల్లినాథుడికి బగ్గులు లేవు కదా నాన్నా,” అన్నాడు గాని, రెండోరోజు నా ల్యాప్‌టాప్‌లో ఆ బోర్డును చేరే సాఫ్టువేరు వాడే పెట్టిచ్చాడు.

ఆ తరువాతి మూడు నెలలూ ఆయనా నేనూ ఆ బోర్డులోనే మాట్లాడుకున్నాము. మా రెండు ఇళ్ళ మధ్య దూరం అరవై అడుగులుంటుంది. నా మాట మాత్రం మా అబ్బాయి ఇంట్లోంచి బయలుదేరి, అంతర్జాలంలోకి పోయి, తిరిగి వచ్చి పక్కింటి కింది గదిలో ‘రింగ్’ అనేది. కంచె దగ్గర నాకు అందని మనిషి అక్షరాలలో పూర్తిగా అందారు. ఆయన ఉద్యోగం, ఆయన భార్య క్యాన్సరు, నేను మొదటిసారి బడిలో పాఠం చెప్పిన రోజు, మా అమ్మ పోయిన రోజు, అన్నీ ఆ నలభై అక్షరాల వరుసలలో నడిచాయి. తన బోర్డుకు స్థానికులెవరూ రావడం మానేసి ఇరవయ్యేళ్ళయిందనీ, ఇంతకాలానికి పక్కింటివాడు వచ్చాడనీ ఒకసారి రాశారు.

తెనాలి తిరిగి వచ్చాక కూడా తెల్లవారుజామున వెళ్తూనే ఉన్నాను. పాణిని చెప్పిన మినహాయింపు అప్పుడే ఒక్కొక్కటిగా బయటపడింది.

మొదటిది లిపి. ఆ యంత్రానికి తెలుగు రాదు. ఒకనాడు ఆయన నా భాషలో ఏదైనా రాయమన్నారు. అప్పుడు మనందరికీ తెలిసిన ఆర్టీఎస్ పద్ధతిలో నాలుగు వాక్యాలు రాశాను. కమడోర్ అక్షరపట్టికలో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లోకానికి ఎదురుగా ఉంటాయి. వచ్చినవారి యంత్రం ఏ పట్టిక వాడుతుందో బోర్డు మొదటే తెలుసుకుని ఇటుదటు మార్చాలి. ఆ రోజు ఆ మార్పు జరగలేదు. ఆర్టీఎస్‌లో చిన్నబడి ‘టీ’ తకారం, పెద్దబడి ‘టీ’ టకారం కదా! నేను ‘తల’ అని రాస్తే తెర మీద ‘టాళా’ వెలిసింది. నా తెలుగంతా రాక్షసభాషగా మారి ఆ బోర్డులో ఈనాటికీ ఉంది. ఆయన దాన్ని తొలగించనివ్వలేదు.

రెండవది ద్విత్వం. 1983లో ఖరారైన టెల్నెట్ పద్ధతిలో 255 అనే బైటుకు ఒక ప్రత్యేకార్థం ఉంది. ‘ఇక వచ్చేది ఆజ్ఞ’ అని. మరి పంపే సమాచారంలోనే నిజంగా 255 ఉంటే? పంపేవాడు దాన్ని ద్విత్వం చేసి పంపాలి, అందుకునేవాడు రెండింటిలో ఒకటి తీసేయాలి. ఇరువైపులా ఈ సంధికార్యం సరిగ్గా జరగకపోతే ఫైళ్ళు పాడవుతాయి. ఎందుకంటే వార్డ్ క్రిస్టెన్సెనే 1977లో రాసిన ఎక్స్‌మోడెము పద్ధతి సరిగ్గా 128 బైట్ల చొప్పున లెక్కపెట్టుకుంటుంది. ఒక్క బైటు ఎక్కువైనా గణభంగమే. పైగా ప్రతి 128 బైట్లకూ ‘అందింది’ అనే జవాబు వచ్చేవరకు తరువాతి కట్ట పంపదు. అదే ఊళ్ళో అయితే ఆ జవాబు వెంటనే వచ్చేది. తెనాలికీ షికాగోకూ మధ్య పోయిరావడానికి పావు సెకను అనుకున్నా, సెకనుకు నాలుగు కట్టలు, అంటే 512 బైట్లు మించవు. ఇంట్లో ఎంత వేగమైన అంతర్జాలం ఉన్నా ఇంతే.

మూడవది మౌనం. మోడెముతో మాట్లాడుతూ మధ్యలో ఆజ్ఞ ఇవ్వాలంటే ఒక సెకను ఊరుకుని, మూడు కూడిక గుర్తులు పంపి, మళ్ళీ ఒక సెకను ఊరుకోవాలి. ఆ ముందువెనుకల నిశ్శబ్దమే వాటిని మామూలు అక్షరాలనుంచి వేరుచేస్తుంది. యతిస్థానం వంటిది. బూటకపు మోడెము ఆ నిశ్శబ్దాన్ని కూడా లెక్కపెట్టడం నేర్చుకోవలసివచ్చింది.

నాలుగవది నాకు బాగా తెలిసినది, కరెంటు కోత. ఫోను తీగ మీద అవతలివారు ఉన్నంతసేపూ ఒక సన్నని ధ్వని నిలిచి ఉంటుంది. దాన్నే క్యారియర్ అంటారు. అది ఆగితే మనిషి వెళ్ళిపోయినట్టు. అంతర్జాలంలో అటువంటి నిత్యధ్వని లేదు. చెప్పి వెళ్తేనే వెళ్ళినట్టు. ఒక తెల్లవారుజామున నేను సగం వాక్యంలో ఉండగా మా వీధిలో కరెంటు పోయింది. నా వైపు అంతా చీకటి. ఆయన వైపు మాత్రం నేనింకా ఉన్నట్టే. ఆ కమడోర్ తన గడువు ముగిసేదాకా నా తరువాతి అక్షరం కోసం ఎదురుచూస్తూ, వచ్చిన వేరొకరికి ‘బిజీ’ అని చెప్పిందట. తొలగిపోయిన స్థాని ధ్వనిని ఆశ్రయించిన విధి ఇదే. ఎంత స్థానివద్భావమైనా దీన్ని పూడ్చలేదు.

ఇవికాక అంతర్జాలం తెచ్చిన కొత్త బెడద ఒకటి. 2016లో మిరాయ్ అనే దుష్ట సాఫ్టువేరు టెల్నెట్ తలుపుల గుండానే లక్షలాది పరికరాలలోకి చొరబడింది. ఆ తరువాత అటువంటివి లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. ప్రతిదీ ఆ పాత యంత్రానికి ‘రింగ్’గానే వినబడుతుంది. ఒక్క తీగ ఉన్న బోర్డును మనిషి కాని ప్రతివాడూ వచ్చి తట్టిపోతుంటే, నిజమైన మనిషికి తలుపు దొరకదు. ఆయన చివరికి టెల్నెట్‌కు అలవాటైన 23వ ద్వారం మూసి, మరొక ద్వారం తెరిచారు. ఊరి నడిబొడ్డున ఉన్న ఇల్లు సందులోకి మార్చినట్టయింది. పైగా టెల్నెట్‌లో రహస్యం ఉండదు, దారిలో ఎవరైనా చదవవచ్చు. అక్కడ వాడే సంకేతపదం మరెక్కడా వాడకూడదని ఆయన వచ్చిన ప్రతివారికీ రాసేవారు.

2019 డిసెంబరులో రాండీ సూస్, 2024 అక్టోబరులో వార్డ్ క్రిస్టెన్సెన్ కన్నుమూశారు. ఈ రెండో వార్త నాకు ఆ బోర్డులోనే తెలిసింది. అది ఆయన ఆ ఇంటి నుంచి రాసిన చివరి జాబులలో ఒకటి. ఆ ఏడాది చివర ఇల్లు అమ్మి, వృద్ధుల నివాసంలో ఒక గదికి మారారు. కమడోర్‌కు అక్కడ చోటు లేదు. ఈ మాటు సాయం చేసినది మా అబ్బాయి. వారం పని అన్నవాడు, మూడు శనివారాలు పక్కింటి కింది గదిలో కూర్చుని ఆ పాత ఫ్లాపీలన్నిటికీ ప్రతులు తీశాడు. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరులో, కమడోర్ వేషం వేసే వైస్ అనే సాఫ్టువేరు పెట్టాడు. దాని వెనుక మోడెము వేషంలో టీసీపీసర్‌ను నిలబెట్టాడు. భార్య జాబులున్న ప్రోగ్రామును మాత్రం ఉన్నది ఉన్నట్టుగా అందులో ఉంచాడు. ఫోను తీగకు ఆదేశం, మోడెముకు ఆదేశం, ఇప్పుడు యంత్రానికే ఆదేశం. స్థానులన్నీ పోయాయి. ఆ ఆదేశాల నడుమ ఆ ప్రోగ్రాము ఇప్పటికీ తాను 1985లోనే ఉన్నాననుకుంటూ, వచ్చినవారిని పేరు అడుగుతోంది.

ఇది ఎన్నాళ్ళు నడుస్తుందని మా అబ్బాయిని అడిగాను. “ఎవరో ఒకరు కనిపెట్టి చూసుకున్నంత కాలం నాన్నా. నేను చూస్తాను,” అన్నాడు. వ్యాఖ్యానాలు నిలిచినది కూడా ఆ పద్ధతిలోనే కదా! తాటాకు చిల్లులు పడేలోగా ఎవరో ఒకరు ప్రతి రాసుకోబట్టే.

పోయిన వారం ఆమె 1987లో టొమాటో మొక్కలకు పట్టిన చీడ గురించి అడిగిన ప్రశ్న ఒకటి కంటబడింది. దానికి ఎవరూ జవాబు రాయలేదు. మా పెరట్లో వేపనూనె ఎలా కలిపి చల్లుతామో, కొలతలతో సహా ఇంగ్లీషులో ఆరు వరుసలు రాశాను. రెండు రోజులకు ఆయన దాని కింద ఒక వరుస చేర్చారు: ‘ఆమె తప్పక ప్రయత్నించి ఉండేది. వచ్చే వసంతంలో ఇక్కడి తోటలో నేను చల్లి చూస్తాను.’